కుడి ఇంజను అందుకోలేదు

గరగర. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ గరగర. వేరుశనక్కాయల మూటలో ఏదో గుచ్చి ముందుకు తోస్తున్న చప్పుడు. పొద్దుటి నుంచి ఆ వసారాలో ఆగి ఆగి వినబడుతున్న, అలసిపోయిన చప్పుడు.

పవిత్ర కళ్లు తెరిచింది. ఎదుట గోడ మీద, పెద్ద విమానంలో పైలట్లు కూర్చునే గది కాగితపు బొమ్మ. దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు. నడుమ శనక్కాయల మూట, మూటలో నిలబెట్టిన, సంగటి కెలికే రెండు కట్టెలు. ఎడమ కట్టె ఎడమ ఇంజను, కుడి కట్టె కుడి ఇంజను. ఎడమ కుర్చీలో కెప్టెన్: డెబ్బై అయిదేళ్ల అవ్వ, చౌడక్క.

"ఏమ్మే, నిద్రపోతాండావా? పైన కూడా ఇట్లే తూగుతావా?"

"నిద్ర కాదవ్వా. ఊపిరి పట్టుకోని చూస్తాండా."

"నువ్వు పట్టుకునింది చాలు. నా మోకాళ్లు పట్టుకున్యాయి ఈడ."

నవ్వాలనిపించినా పవిత్రకు నవ్వే ఓపిక లేదు. తెల్లవారితే పెనుకొండలో రైలెక్కి, హిందూపురం మీదుగా బెంగళూరు చేరాలి. అక్కడ, నేల విడవకుండానే ఎగరడం నేర్పే యంత్రంలో, కో-పైలట్‌గా ఆమెకు చివరి పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఆ కొలువు లేదు.

రెండుసార్లూ ఒక్కచోటే తప్పింది. రన్‌వే మీద కెప్టెన్ ఇంజన్ల లీవర్లను మొదట కొంచెమే తోస్తాడు. రెండు ఇంజన్లూ ఒక్క మట్టానికి వచ్చి నిలిచాకే ఎగరడానికి కావలసిన బలానికి తోస్తాడు. ఇంజన్ల బలం చూపే అంకెలను కనిపెట్టి చూడడం, తేడా వస్తే గట్టిగా చెప్పడం కో-పైలట్ పని. ఒక ఇంజను వెనకబడితే విమానం పక్కకు లాగుతుంది. రెండుసార్లు చెప్పినా కెప్టెన్ ఉలకకపోతే పేరు పెట్టి పిలవాలి. అప్పటికీ పలకకపోతే తానే లీవర్లను వెనక్కి లాగెయ్యాలి.

పవిత్ర తేడాను చూసింది, చెప్పింది కూడా. పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోట 'సార్' అన్నదే వచ్చింది. వెనక కూర్చున్న పరీక్షాధికారి తలెత్తాడు. బిగుసుకుపోయినట్టు నటిస్తున్న కెప్టెన్ ఎత్తలేదు. యంత్రంలోని విమానం గడ్డిలోకి దూసుకుపోయింది.

"సార్లు ఇద్దరున్నాం కదమ్మా, ఎవరిని పిలిచావు?" అని తరవాత ఆ అధికారి అడిగాడు.

ఏమని చెప్పగలదు? ఆమె పుట్టిన ఇంట్లో పెద్దల పేరు పైకి పలకడం ఎరుగరు. తాత పేరు రేషను కార్డులో చదువుకోవలసిందే తప్ప ఎవరి నోటా విన్నది లేదు.

"మల్లా తోస్తాండా," అంది అవ్వ. గరగర. ఎడమ కట్టె ముందుకు వంగింది. కుడి కట్టె సగంలోనే నిలిచింది.

"కుడి ఇంజను అందుకోలేదు."

అవ్వ పలకలేదు. ఈ మౌనం పవిత్ర నేర్పిందే.

"కుడి ఇంజను అందుకోలేదు!"

మౌనం.

"అవ్వా..."

"అవ్వలు ఊరి నిండా ఉండారు. నా పేరు పెట్టి పిలువు."

"నాలుక తిరగదవ్వా." పవిత్ర తల పట్టుకుంది. "నావల్ల కాదు. రేపు నేను పోను."

అవ్వ రెండు కట్టెలనూ మళ్లీ నిటారుగా నిలబెట్టింది.

"మీ తాత ఎట్ల పోయినాడో తెలుసునా?"

"రైలు కింద."

"అంతే తెలుసు నీకు. గొర్రెపిల్ల కాలు పట్టాల్లో ఇరుక్కునింది. ఆయప్ప వంగి తీస్తాండాడు. ధర్మవరం దిక్కునుంచి బండి వస్తాండాది. ఎదురుగాలికి ఆయప్పకు బండి చప్పుడు ఇనపడల్యా. నేను గుట్ట మీద. 'ఏమప్పో, ఓ అప్పో' అని గొంతు పగిలేట్టు అరిస్తి. గుట్ట మీద మేపుకునే మొగోళ్లంతా తిరిగి చూసిరి. ఆయప్ప, ఎవర్నో పిలుస్తాండారులే అనుకున్యాడు."

"పేరు పెట్టి పిలిచింటే?"

"మొగుని పేరు నోట పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతాదని మాయత్త చెప్పింది." అవ్వ కొంగుతో కట్టెను తుడిచింది. "పలకల్యా. ఆయుస్సు కాపాడితి."

బయట ఎండ వాలుతోంది. అవ్వ మోకాళ్ల మీద చేతులాన్చి, మెల్లగా లేచింది.

"లెయ్. ఈ పక్క కూచో. నువ్వు కెప్టెనువి. చూసే పని నాది."

పవిత్ర ఎడమ కుర్చీలోకి మారింది. కట్టెలు తోసింది. గరగర. కుడిది వెనకబడింది.

"కుడి ఇంజను అందుకోల్యా," అంది అవ్వ, వినీ వినీ నోటికి వచ్చిన పాఠంలా.

పవిత్ర పలకలేదు.

"అందుకోల్యా!"

పవిత్ర కదలలేదు. పక్కన ఊపిరి బరువెక్కడం వినబడింది. "ఏమ... ఏమప్పా..." అన్నది అవ్వ గొంతు. పవిత్ర తల తిప్పి చూసింది. అవ్వ చూపు కాగితం మీద లేదు, గోడ మీదా లేదు. నలభై ఏళ్లుగా ఆమె ఆ గుట్ట మీదే నిలబడి ఉంది. బండి వచ్చేస్తోంది.

పవిత్ర ఆటను మరిచిపోయింది.

"చౌడక్కా! పిలువు! పేరు పెట్టి పిలువు!"

ఊపిరి పట్టకుండానే, తడబడకుండానే వచ్చిన పేరు. వచ్చిందని పవిత్రకు తెలిసేలోపే అవ్వ రెండు చేతులూ రెండు కట్టెల మీద పడ్డాయి. మూట పిగిలేంత బలంగా వాటిని వెనక్కి లాగుతూ, వసారా దాటి, వీధి దాటి, రైలు కట్ట దాకా వినబడేట్టు అవ్వ అరిచింది:

"కుళ్లాయప్పా!"