రాళ్ళకట్ట నీళ్ళు

కోడేరులో తిరుపతయ్య ఇంట్లో ఇద్దరే మనుషులు. ఆయన, ఆయన కోడలు యమున. తెల్లారకముందే యమున పొయ్యి ముట్టించి జొన్నరొట్టెలు చేసేది. తిరుపతయ్య గిన్నె చేతిలో పట్టుకొని "చేన్ల తింట తియ్యి" అని బయలుదేరేవాడు. "నేను ఎనక తింట మామా" అనేది ఆమె. దినేష్ పోయినప్పటి నుంచి ఇద్దరికీ ఇట్లా వేరువేరుగా తినడం అలవాటైంది. కలిసి కూర్చుంటే ఒకరి కంచంలో మిగిలిపోయిన తిండి ఇంకొకరికి కనపడుతుంది. అది చూడడం ఇద్దరికీ ఇష్టం లేదు.

దినేష్ తిరుపతయ్యకు ఒక్కడే కొడుకు. ముంబైకి కట్టడం పనికి పోయి, అక్కడే జ్వరం తగిలి, దవాఖానలోనే కన్నుమూశాడు. అప్పటికి పెళ్ళై రెండేళ్ళు కూడా నిండలేదు. యమున అమ్మవాళ్ళు ఉప్పునుంతల నుంచి వచ్చి "పిల్లను తీస్కపోతం" అన్నారు. "మామకు బువ్వెవరు పెడ్తరు?" అని యమున గడప దాటలేదు. ఆ మాటకు ఆ రోజు తిరుపతయ్య సంతోషపడ్డాడు. తర్వాత ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు సిగ్గేసేది. ముప్పై కూడా దాటని పిల్ల తన గిన్నెలు తోముకుంటూ ముసలిదైపోతోంది.

మోటరు సైకిలు మీద ఊరూరా చేపలమ్మే సాంసన్ ఒకనాడు బండి ఆపి మెల్లగా కదిపాడు.

"కాకా, రాళ్ళకట్టల చెన్నయ్య అని ఉన్నడు. మీవోళ్ళే. కట్ట కింద చేపల హోటలు నడుపుతుండు. పెండ్లాం పోయి శానా ఏండ్లాయె, పిల్లల్లేరు. మంచోడు. ఒకపారి యమునను తీస్కపోయి సూసి రారాదు?"

తిరుపతయ్య కొన్నాళ్ళు గుంజాటన పడ్డాడు. ఆఖరికి ఒక పొద్దున చేనికి పోకుండా అరుగు మీద కూర్చొని, "యమునా, రాళ్ళకట్టకు పోయి చేపలు తినొద్దాం పా" అన్నాడు.

యమున ఆయన మొఖం వైపు చూసింది. ఇన్నేళ్ళలో మామ ఏదైనా తినాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. మారుమాట లేకుండా చీర మార్చుకొని వచ్చింది. అసలు సంగతి ఆయన చెప్పలేదు. చెబితే రాదేమోనని ఒక భయం. చెప్పినా వస్తుందేమోనని ఇంకో భయం.

వనపర్తిలో బస్సు దిగి ఆటో ఎక్కి రాళ్ళకట్ట చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఊరంటే ఒక్క పెద్ద వీధి, దాన్ని పట్టుకొని నాలుగు సందులు. వీధి చివర గుట్టకూ గుట్టకూ మధ్య రాతికట్ట, కట్ట అవతల కన్ను ఆనినంత మేరా నీళ్ళు. కట్ట కింద రేకుల షెడ్లలో పెద్ద పెనాల మీద చేపలు చిటపటలాడుతున్నాయి. మసాలా వాసన ఆటో దిగకముందే ఎదురొచ్చింది.

చెన్నయ్య హోటలులో నాలుగు బల్లలు, ముందర ఒక తొట్టిలో బతికున్న కొర్రమట్టలు. లోపల ఎత్తైన పొయ్యి గట్టు దగ్గర వాళ్ళమ్మ బాలమ్మ పీట మీద రొట్టె తడుతోంది. చెన్నయ్య నలభై లోపు మనిషి. పొడుగ్గా ఉన్నాడు, మాట తక్కువ. ఇద్దరికీ ఇస్తరాకులు వేసి, రవ్వచేప ముక్కలు, చింతపండు పులుసు, ఉల్లిగడ్డలు, వేడి రొట్టెలు పెట్టాడు. యమునకు వడ్డించేటప్పుడు కళ్ళెత్తి చూడలేదు. తిరుపతయ్యకు మాత్రం "ముండ్లు పైలం కాకా" అని చెప్పాడు.

తిరుపతయ్య బెంచీ మీద కాళ్ళు మడిచి కూర్చొని తినడం మొదలుపెట్టాడు. పులుసులో మెంతి వాసన ఘుమఘుమలాడుతోంది. మొదటి రొట్టె ఎప్పుడు అయిపోయిందో ఆయనకే తెలియలేదు. బాలమ్మ పొయ్యి దగ్గర నుంచే ఇంకోటి విసిరినట్టు పంపింది. అదీ అయింది. మూడోదానికి చెయ్యి చాస్తూ తలెత్తితే ఎదురుగా యమున, తానూ తింటూ ఆయన ఇస్తరాకు వైపే చూస్తోంది. ఇద్దరూ కలిసి కూర్చొని తిన్నారన్న సంగతి అప్పుడు తెలిసింది ఆయనకు.

అంతలో చెన్నయ్య పిండి సంచీ ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఎదురు కిరాణా కొట్టాయన చక్కెర మూటలు పై చెక్క మీదికి చేర్చాడు. నీళ్ళొచ్చే వేళైంది.

రాళ్ళకట్ట రిజర్వాయరు నీళ్ళు పగటి బువ్వలయ్యాక కట్ట దిగి ఊళ్ళోకి వస్తాయి. పాదాలు మునిగేంత లోతు. సందులన్నీ తిరిగి, గడపల ముందు కాసేపు నిలబడి, పొద్దు వాలేసరికి మళ్ళీ కట్టెక్కి పోతాయి. ఊరివాళ్ళ కాళ్ళు తడుపుతాయి. పొరుగూరివాళ్ళ చుట్టూ జరిగి, వాళ్ళు నిలబడినంత మేర నేల పొడిగా వదిలేస్తాయి. ఇక్కడ ఏళ్ళ తరబడి పనిచేసిన బ్యాంకాయన పొడికాళ్ళతోనే బదిలీ అయిపోయాడు. గాజులమ్ముకోవడానికి వచ్చిన ఒకామె మొదటి రోజే తడిసి, ఇక్కడే ఇల్లు కట్టుకుంది. కొత్త కోడళ్ళలో కొందరు కార్తీకానికే తడుస్తారు, కొందరికి పిల్లలు పుట్టాక గానీ తడి తగలదు.

నీళ్ళు చప్పుడు లేకుండా హోటలులోకి వచ్చాయి. చెన్నయ్య పాదాల మీదుగా పారి, యమున చెప్పుల దగ్గర రెండుగా చీలి, బల్ల కిందికి పోయాయి. ఆమె ఒకసారి వంగి చూసి, మళ్ళీ ముల్లు తీసుకోవడంలో పడింది.

బాలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తిరుపతయ్య పక్కన నిలబడింది. మనసులో మాట దాచుకునే మనిషి కాదామె.

"సాంసన్ చెప్పిండు అన్నా. పిల్ల నాకు నచ్చింది. మావోడు నోరు ఇప్పడు గని వానికీ నచ్చినట్టే ఉన్నది. పెట్టుపోతలు మాకేం అక్కరలేదు. ఇగ మీ మాటేంది?"

యమున చెయ్యి ఇస్తరాకులో ఆగిపోయింది.

"ఏంది మామా?" అంది.

తిరుపతయ్య చేతిలోని ముక్క ఇస్తరాకులో పెట్టేశాడు. చెన్నయ్య "అమ్మా, ఆమెకు తెల్వనట్టుంది. జర ఊకో" అన్నాడు కానీ మాట అప్పటికే బయట పడింది. యమున లేచి, తొట్టి పక్కన చెంబు నీళ్ళతో చెయ్యి కడుక్కొని, ఎవరి వైపూ చూడకుండా, రోజుకొక్క బస్సు ఆగే బస్టాపు వైపు నడిచింది. నీళ్ళు ఆమెకు అటూ ఇటూ జరిగి దారి ఇస్తూ పోయాయి.

"యమునా! ఆగు బిడ్డా!" అంటూ తిరుపతయ్య బెంచీ దిగి వెనక పరుగెత్తాడు.

తపతపమని చప్పుడైంది. యమున వెనక్కి తిరిగి చూసింది. మామ పాదాలు నీళ్ళల్లో ఉన్నాయి. ధోతి అంచు తడిసి పిక్కలకు అంటుకుంది. ఆయన ఒక కాలెత్తి పక్కన పెడితే నీళ్ళు అక్కడికీ వచ్చాయి. కిరాణా కొట్టాయన తొంగి చూసి, "పెద్దాయన మనూరోడే" అని మళ్ళీ పొట్లం కట్టుకోవడంలో మునిగిపోయాడు.

తిరుపతయ్య మాత్రం నడివీధిలో అట్లనే నిలబడిపోయాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఎండలో పొద్దంతా తిరిగొచ్చినోడికి ఇంట్లోవాళ్ళు చెంబెడు నీళ్ళిచ్చినట్టు ఉంది ఆయన ప్రాణానికి.

బస్టాపులో ఇద్దరూ రాతి అరుగు మీద కూర్చున్నారు. ఆఖరికి యమునే అంది.

"నన్ను ఒక్క మాట అడగకపోతివి."

"అడిగితె వద్దంటవని."

"అంటె?"

"నువ్వు వద్దంటె నాకు సంబురమైతది బిడ్డా. ఆ సంబురానికే భయమైంది నాకు."

యమున వంగి ఆయన ధోతి అంచు పట్టుకొని నీళ్ళు పిండింది. "బస్సొచ్చె, ఎక్కు" అంది.

కోడేరుకు వచ్చాక తిరుపతయ్య మళ్ళీ పాత పద్ధతిలో పడ్డాడు. గిన్నె పట్టుకొని చేనికి పోయేవాడు, సగం రొట్టె కుక్కకు వేసేవాడు. గట్టు మీద కూర్చొని కాళ్ళ వైపు చూసుకునేవాడు. కాలువ కనపడితే దిగి నిలబడేవాడు. ఆ నీళ్ళు తడిపేవి గానీ ఆ చల్లదనం వేరు. ఇదంతా ఆయన చెప్పుకోలేదు. యమున చూసింది. పల్లీ పీకడం అయిపోయాక ఒక సాయంత్రం వాకిట్లో కాయ ఒలుస్తూ కదిలించింది.

"మామా, ఆడ నువ్వు మూడు రొట్టెలు తిన్నవ్."

"తింటి."

"కౌలు ఈ ఏడుకు ఇడ్సిపెడదాం. ఆడికే పోదాం."

తిరుపతయ్య చేతిలో కాయ చిట్లింది. "అంటే... చెన్నయ్య సంగతి..."

"గా ముచ్చట ఎవ్వరు ఎత్తొద్దు. నువ్వెత్తొద్దు, గా అవ్వ ఎత్తొద్దు. అవ్వకు ఇప్పుడు పీట కాడ కూసునుడు శాత కాదని సాంసన్ చెప్పిండు. రొట్టెలు చేసే పనికైతె వస్త. నీ కాళ్ళు తడిసిన ఊరు కాబట్టి వస్త."

అట్లా వాళ్ళు రాళ్ళకట్టకు వచ్చి, గాజులామె ఇంటి పక్క గదిలో దిగారు. బాలమ్మ మాట తప్పలేదు. నోరు కట్టేసుకోవడం ఆమెకు ఎంత కష్టమో పొయ్యి కట్టెలు ఎగదోసే తీరులో తెలిసేది. తిరుపతయ్య చేపలు కడగడం నేర్చుకున్నాడు, చిరిగిన వలలు కుట్టడం నేర్చుకున్నాడు. పగటిపూట నీళ్ళొచ్చే వేళకు పని ఆపి, గడప మీద కూర్చొని రెండు పాదాలూ చాపేవాడు. యమునా, ఆయనా ఒక్క చోటే తినేవాళ్ళు. కొన్నాళ్ళకు దినేష్ మాట కూడా వాళ్ళ మధ్యకు వచ్చింది. వాడికి ఉప్పుచేప అంటే ఎంత ప్రాణమో తలుచుకొని ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాక ఏడ్చారు, ఏడ్చాక తిన్నారు.

యమున కాళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. కొత్తలో ఊరంతా వాటి మీదే కన్ను వేసింది. రొట్టెల కోసం వచ్చిన ఆడవాళ్ళు పీట కిందికి వంగి చూసేవాళ్ళు. "ఇంక లేదా?" "ఇంక లేదమ్మా" అనుకుంటూ పోయేవాళ్ళు. యమున గోనెపట్టా ఒకటి ఒళ్ళో నుంచి పాదాల దాకా కప్పుకొని పని చేసుకునేది. చూసి చూసి ఊరికి విసుగొచ్చి మానేసింది. చెన్నయ్య ఒక్కడే మొదటి నుంచీ చూడలేదు. నీళ్ళొచ్చే వేళకు కావాలనే మొఖం తిప్పుకొని పెనం వైపు నిలబడేవాడు. చూస్తే అడిగినట్టవుతుందని ఆయన ఆలోచన అని తిరుపతయ్యకు అర్థమైంది. ఆమె రొట్టె తడితే ఈయన కాల్చేవాడు. పొద్దంతా ఇద్దరి మధ్యా "పిండి", "సాలు", "ఇంకోటి" తప్ప మాటలుండేవి కావు. కానీ ఆమెకు తుమ్మొస్తే పెనం మీద మిరపపొడి తగ్గేది. ఆయన చెయ్యి కాలిన రోజు ఆమె రొట్టె తడుతూనే చేపలు కూడా తిప్పింది.

వానాకాలం వచ్చింది. గుట్టల మీద పచ్చ తేలింది, రిజర్వాయరు నిండింది. ఒక ఆదివారం హోటలు కిటకిటలాడుతోంది. వనపర్తి నుంచి వచ్చినవాళ్ళు కొర్రమట్ట కావాలన్నారు. చెన్నయ్య తొట్టిలో చెయ్యి పెట్టి పెద్దదాన్ని పట్టాడు. అది మెలికలు తిరిగి జారి, అప్పుడే లోపలికి వస్తున్న నీళ్ళల్లో పడి, బల్లల కిందుగా ఈదడం మొదలుపెట్టింది. గిరాకీలు కాళ్ళెత్తి అరిచారు. తిరుపతయ్య వల విసిరాడు, అది బల్ల కాలికి చుట్టుకుంది. చేప తోకాడిస్తూ పొయ్యి దగ్గరికి పోయి, యమున కప్పుకున్న గోనెపట్టా కిందికి దూరింది.

చెన్నయ్య మోకాళ్ళ మీద కూర్చొని పట్టా అంచు ఎత్తి చెయ్యి పెట్టాడు. చేప దొరికింది. ఆయన లేవలేదు.

పట్టా కింద యమున పాదాలు నీళ్ళల్లో ఉన్నాయి. వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు పారుతున్నాయి. చీర అంచు మడిమల దాకా నానిపోయి ఉంది. ఒక్క రోజు తడికి పాదాలు అట్లా మెత్తబడవని చేపల పని చేసే వాళ్ళెవరికైనా తెలుస్తుంది.

"తడిసినయి" అన్నాడు చెన్నయ్య.

యమున పీట మీది రొట్టెను చేత్తో ఒక చుట్టు తిప్పింది.

"శానా దినాల్నుంచి తడుస్తనే ఉన్న," అంది. "నువ్వెప్పుడు సూస్తవో అని ఊకున్న."

బాలమ్మ నోరు తెరవబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. తిరుపతయ్య ముడిపడిన వల విప్పుకుంటున్నట్టు తల వంచాడు. ఆయనకు సంబురమైంది. ఈసారి ఆ సంబురానికి ఆయన భయపడలేదు.

"కాకా..." అంటూ చెన్నయ్య ఆయన వైపు తిరిగాడు.

"నన్నెందుకు అడుగుతవ్? ఆమెనే అడుగు" అన్నాడు తిరుపతయ్య.

చెన్నయ్య అడగడానికి మళ్ళీ యమున వైపు తిరిగాడు. ఆయన చేతుల్లో పట్టు వదులైంది. కొర్రమట్ట నీళ్ళల్లోకి జారి, గడప దాటి, వీధి మధ్యగా కట్ట వైపు ఈదుకుంటూ పోయింది. దాన్ని పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.