ఉప్పుసంచి చప్పుడు

అడుగు అంచు మెత్తగా ఉంది.

చేతితొడుగు తీసి వేలితో తడిమాను. మంచు ఇంకా గట్టిపడలేదు. ఇప్పుడే వెళ్లాయి… తైగా అడవిలో ఎటో, లార్చి చెట్ల మధ్య, తాపీగా.

ఎనిమిది అడవి జింకలు. వాటి వెంట మా పెంపుడు జింక సురికా.

సురికా అడుగు ఎక్కడున్నా గుర్తుపడతాను. ఎడమ వెనక కాలు కాస్త ఈడుస్తుంది. మంచు మీద సన్నటి గీత పడుతుంది. వలస బయలుదేరితే మా గుడారంలో పిల్లల ఉయ్యాల మోసేది అదే. రాళ్లలో నడిచినా పాప నిద్ర చెదరనివ్వదు. వసంతంలో పుట్టబోయే నా బిడ్డకీ అదే కావాలి. ఇంకో జింకను నమ్మలేను.

మెడలో గంట ఉంటే దాని జాడ ఎప్పుడో తెలిసేది. ఆ గంట నేనే విప్పాను. కడుపుతో ఉన్నదాన్ని, చప్పుడుకి నిద్ర పట్టడం లేదని… బుద్ధి ఉండొద్దూ నాకు!

ముందు మా అన్న గిల్గే, తుపాకీతో. గుడారంలో మాంసం అయిపోయి ఐదు రోజులైంది. అతనికి అడవి జింక కావాలి. నాకు మా జింక కావాలి. ఇద్దరం ఒకే జాడ వెంట పోతున్నాం.

"ఆ పొట్టేసుకుని ఎక్కడ దొర్లుతావో ఏమో! ఇంటికి పోవే."

"నేను పోతే నువ్వు సురికానే కాలుస్తావ్ అన్నా. నీ చూపు సంగతి నాకు తెలీదూ?"

నవ్వాడు. నడిచాం. మంచు… మళ్లీ మంచు…

మధ్యాహ్నానికి కనిపించాయి. చెట్లు లేని చోట, తమ ఊపిరి పొగలో సగం మునిగి, తొమ్మిది బూడిదరంగు వీపులు.

గిల్గే తుపాకీ ఎత్తాడు. "ఏది నీది? తొందరగా చెప్పు."

అడుగులైతే చెప్పేదాన్ని. వీపులన్నీ ఒకటే.

నా నడుముకు ఉప్పుసంచి ఉంది. దాని అంచుకు ఎముక ముక్కలు కట్టి ఉంటాయి. ఆ చప్పుడు వింటే మా జింకలు ఉప్పు నాకడానికి పరుగున వస్తాయి. అడవివి పారిపోతాయి. వాటితో పాటే మా తిండీ పోతుంది.

భయమేసింది. ఆకలీ వేసింది.

సంచి ఆడించాను.

మంద ఉరికి మంచు లేచింది. అంతా తెలుపు… తుపాకీ పేలలేదు. మంచు సర్దుకునేసరికి ఆ చోటంతా ఖాళీ.

"ఇంకేం, ఆ సంచే వండిపెట్టు. తింటాం!"

ఏడ్చాను. ఏడుస్తూనే అడుగులు వెతికాను. తొమ్మిది జాడలూ చెట్లలోకే పోయాయి. ఒక జాడ మాత్రం కొంతదూరం వెళ్లి, వెనక్కి తిరిగింది. మా వైపు మొహం పెట్టి నిలబడింది. తర్వాత మళ్లీ మంద వెంట వెళ్లిపోయింది.

దాని పక్కన సన్నటి గీత.

గిల్గే ఆ గీతను చాలాసేపు చూశాడు. తుపాకీ భుజాన వేసుకున్నాడు.

"ఊఁ… ఇంకోసారి ఆడించు."

ఆడించాను. చెట్లలో ఏదీ కదల్లేదు. నా వేలు ఆ అడుగు మీదే ఉంది.

అంచు ఇంకా మెత్తగానే ఉంది.