ఆబ్రీ కోటు రెండో బొత్తాం

ఈ రెండో బొత్తాం ఇవాళో రేపో ఊడేలా ఉంది, పొద్దున్నే రెండు కుట్లు వేసుకోవలసింది, ఆబ్రీ కోటును నా కొలతకు తగ్గించి కుట్టిన దర్జీ కూడా దీన్ని పట్టించుకోలేదు, మార్చిలో పోయాడు మా ఆయన ఆబ్రీ, ఇరవై రెండేళ్ళు ఇదే పచ్చిక మీద బంతి లోపలో బయటో చెబుతూ ఇదే వెనకగీతకు కాపలా కాసిన మనిషి, ఈ ఏడు టెన్నిస్ ఫైనల్‌కి ఆయన కుర్చీ నాకిచ్చారు, జాలిపడే ఇచ్చి ఉంటారు, ఇస్తే ఇచ్చారు, ఐదో సెట్టు, ఈ పాయింటు కియర్నీది అయితే కప్పు అతనిదే, అవతల బాల్టాయ్‌కి ముప్పై నాలుగేళ్ళు, ఇది నాలుగో ఫైనల్, మూడూ ఓడాడు, మళ్ళీ ఇంతదాకా రాలేడు, గీత వెనక గడ్డి అరిగి మట్టి తేలింది, దారం వేలికి చుట్టుకుంది, లాగితే బొత్తాం చేతిలోకి వచ్చేసింది, అప్పుడే ఎదురుగా బంతి పడిన చప్పుడు, నా నోరు అవుట్ అనేసింది.

నోరే అంది, కళ్ళు బొత్తాం మీదున్నాయి, జనం లేచి నిలబడ్డారు, కియర్నీ రాకెట్ గాల్లోకి విసిరాడు, బాల్టాయ్ నెట్ చుట్టూ తిరిగి నా దగ్గరికే వస్తున్నాడు, బంతి తగిలి గీత మీది సుద్ద లేచింది మేడమ్, అంత దూరం నుంచి నాకే కనబడింది, మీరు చూడలేదా అన్నాడు, అరవలేదు, అరిచినా బాగుండేది, ఆవిడ చెప్పేసింది కదా తాతా, ఇక చెయ్యి కలుపు అంటున్నాడు కియర్నీ, ఎత్తు కుర్చీలోంచి అంపైర్ నా వైపు వంగి, మిసెస్ పాస్కో, ఖాయమేనా.

ఖాయమే అంటే సరిపోతుంది, ఎవరూ ఇంకేం అడగరు, చూడకపోతే రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకోవాలి, గీతల దగ్గర కూర్చునేవాళ్ళకు ఉన్న పద్ధతి అది, అందులో చిన్నతనమేం లేదు ఎనిడ్ అని నేర్పింది ఆబ్రీయే, తను మాత్రం ఒక్కసారీ పెట్టుకోలేదు, నా కన్ను ఒక్క బంతినీ వదల్లేదు అని క్లబ్బు విందుల్లో చెప్పేవాడు, చర్చిలో శవపేటిక పక్కన నిలబడి కార్యదర్శి కూడా అదే చెప్పాడు, నేను గర్వంగా తలూపాను, ఇంత గొప్ప మనిషి కుర్చీలో కూర్చుని, ఇంతమంది ముందు, ఫైనల్లో, చూడలేదని ఎలా ఒప్పుకోను, నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది, బొత్తాం అరచేతిలో గుచ్చుకుంటోంది, ఏటా ఫైనల్ అయ్యాక దీన్ని జేబులో వేసుకుని ఇంటికొచ్చేవాడు, మళ్ళీ ఊడింది, కుట్టిపెట్టు ఎనిడ్, ఏటా, ఇదే బొత్తాం, ఆట చూస్తూ ఏం చేస్తావు దీన్ని అంటే నవ్వేవాడు.

చేతులు కళ్ళ మీదికి వచ్చేశాయి, లోపల చీకటిగా, వెచ్చగా ఉంది, జనం గోల ఆగిపోయింది, పాయింటు మళ్ళీ ఆడండి అని అంపైర్ గొంతు, కియర్నీ తిట్టు, నాకే, పడాల్సిందే, వచ్చే ఏడు ఈ కుర్చీ ఇవ్వరు, ఇవ్వకపోతే పోనీ, ఇరవై రెండుసార్లు ఈ బొత్తాం కుట్టాను ఆబ్రీ, నువ్వూ చూడలేదు.