ఖాళీ ట్యాంకు, నిండు ఆటో

నేను ఒక తాడును. ఒంటినిండా పీచే గానీ పిచ్చి మాత్రం లేదు. కోనసీమలో ఒక కాలవ గట్టున, నానబెట్టిన కొబ్బరి డొక్కల్ని చావబాది పీచు తీసి, దాన్ని రాట్నానికి తగిలించి, ఇద్దరు ఆడవాళ్లు ఊరందరి కబుర్లూ చెప్పుకుంటూ నన్ను పేనారు. అందుకే నాలో పురులెన్నో పుకార్లూ అన్నే.

టీవీలో ముడి చమురు ధర పెరిగిందన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కడో ఎడారిలో చమురుకి ముడి పడితే ఇక్కడ నేనెందుకు బిగుసుకోవాలి? ఎందుకంటే నా మొదటి కొలువు వరిగడ్డి లారీ మీద. డీజిలు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే లారీ ఓనరు ఒక్కో మెట్టూ దిగాడు. చివరికి లారీ అమ్ముడుపోయింది. మిగిలింది నేనూ, డ్రైవరు ధనరాజూను. పేరులో తప్ప ధనం ఎక్కడా లేని ఆ రాజు ఒక పాత పెట్రోలు ఆటో కొనుక్కుని, దారిలో ఆగిపోతే లాగడానికి పనికొస్తానని నన్ను సీటు కింద పడేశాడు. ఆటో అన్నారు గానీ, అది అటో ఇటో తేలని బతుకు.

ఆ బతుక్కి ఊపిరి పొద్దున్న ట్రిప్పు. ఎనిమిదిమంది ఆడవాళ్లను బైపాస్ అవతలి రొయ్యల ఫ్యాక్టరీకి చేర్చాలి. అక్కడ రొయ్యల తలలు వాళ్లు తీస్తారు, గేటు దగ్గర వాచ్‌మన్ వీళ్ల తలలు తీస్తాడు. ఎనిమిది దాటితే గేటు మూస్తాడు, ఆ పూట కూలి పోయినట్టే.

పెట్రోలు మళ్లీ పెరిగిన సోమవారం, ధనరాజు అద్దంలోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"పిన్నీ, ఇరవై గిట్టుబాటవట్లేదండీ. రేపట్నించి పాతిక చేద్దారి."

వాళ్లందరికీ పెద్ద మరిడమ్మ. "ఏరా ధనం, పెట్రోలు పెరిగిందని మా మేస్త్రీ కూలేవైనా పెంచాడేంట్రా?"

"నాకేం సరదాటండీ?"

"నూకరాజు వ్యానులో ఇరవయ్యే. పాటలు కూడా పెడతాడండోయ్," అంది సువార్త. అందరిలోకీ చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"పాతికంటే రేపే వ్యానెక్కేస్తాం. ఆలోచించుకో," అని మరిడమ్మ తేల్చేసింది. పెంచితే మనుషులు పోతారు, పెంచకపోతే ఆటో పోతుంది. ధనరాజుకి ఇది తాడో పేడో. తాడైతే నేనున్నాను, పేడు సంగతే తెలియదు.

ఆ సాయంత్రం ఆటో స్టాండుకి బుల్లిబాబు వచ్చాడు. ఈయన గోవర్ధనరావు గారి కుడిభుజం. గోవర్ధనరావు గారు మా ఊరి నాయకుడు. పేరులోనే వర్ధనం ఉన్నాయన పెరిగిన ధరల మీద ధర్నా తలపెట్టాడు. మా వైపు దానికో పద్ధతుంది. ఆటోకి తాడు కట్టి, నాయకులు ముందుండి లాగుతారు, టీవీవాళ్లు తీస్తారు, పెట్రోలు తగ్గదు.

"రేపు పొద్దున్నే. సెంటర్నించి బైపాస్ దాకా లాగుతాం. అయ్యాక ఫుల్ ట్యాంకుకి కూపను," అన్నాడు బుల్లిబాబు.

ఫుల్ ట్యాంకు అనగానే ధనరాజు కళ్లు వెలిగాయి. అదొస్తే కొన్నాళ్లు చార్జీ పెంచక్కర్లేదు, ఎనిమిదిమందీ పోరు. పైగా ఫ్యాక్టరీ దారి కూడా అదే. మర్నాడు వాళ్లను ఎక్కించుకునేటప్పుడు, "ఇయ్యాళ చార్జీ వద్దండీ, పెద్దోళ్లే లాగుతారు," అని గొప్పగా చెప్పాడు. అక్కడే చేశాడు పొరపాటు.

సెంటర్లో బుల్లిబాబు పైపు పట్టుకుని ఎదురొచ్చాడు. పోయిన నెల పక్కూళ్లో ఇలాగే నాయకులు లాగుతుంటే, జాలిపడ్డ డ్రైవరు ఇంజను వేశాడట. వెనక పొగ, ముందు నినాదం. ఆ వీడియో చూసి రాష్ట్రమంతా నవ్విందట. "ఈసారి రిస్కొద్దు," అంటూ ట్యాంకులో పైపు పెట్టి, నోటితో ఒక్క పీల్పు పీల్చి, ఉన్న చుక్కలన్నీ సీసాలోకి దించేశాడు.

నన్ను ముందు చక్రం ఫోర్కుకి కట్టారు. గోవర్ధనరావు గారు నా కొసను రెండు వేళ్లతో పట్టుకున్నారు, పెళ్లిలో తాంబూలం అందుకున్నట్టు. మిగతా బరువు ఆయన వెనకవాళ్లది. ఆటో వెనక ఆయన కార్లు, ఏసీ చల్లగాలి ఆగకుండా ఇంజన్లు ఆడుతూనే ఉన్నాయి. "ఆడపడుచులు కూర్చున్నారు, భలే సీను!" అంటూ కెమెరా అబ్బాయి మురిసిపోయాడు. సువార్త జుట్టు సర్దుకుంది. మైకు పెట్రోలు ధర మీద గొంతు చించుకుంది. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ కాసేపూ నాకూ ఆవేశం వచ్చింది.

బైపాస్ ఇంకా చాలా దూరం ఉండగానే కెమెరా అబ్బాయి, "చాలు సార్, వచ్చేసింది," అన్నాడు. అంతే, అన్ని చేతులూ ఒక్కసారే వదిలేశాయి. నేను తారు మీద పడ్డాను.

ధనరాజు పరుగెత్తాడు. "బుల్లిబాబు గారండీ, కూపనండీ?"

"సాయంత్రం ఆఫీసుకి రావయ్యా."

"పోనీ ఇందాక తీసింది పోసెయ్యండి. లోపల మనుషులున్నారు."

"అదెక్కడుంది? మైకు జనరేటర్లో పోశాంగా. మరి మైకేటి, గాలి తాగి అరుస్తుందా?"

కార్లు బయల్దేరిపోయాయి. ధర్నా అంటే 'ధర' 'నా' నెత్తిన పడడమేనని ధనరాజుకి అప్పుడు అర్థమైంది. వెనక్కి తిరిగి చూస్తే ఎనిమిదిమందీ అతన్నే చూస్తున్నారు.

ఎవరూ తిట్టలేదు. మరిడమ్మ దిగి, కొంగు నడుముకి బిగించి, నన్ను ఎత్తింది. "సువార్తా, నువ్వు హేండిలు పట్టు. ఒరేయ్ ధనం, ఏంటలా చూస్తావ్? రా, ఇటు పట్టుకో. బంకు దాకా లాగాలి."

ఈసారి నన్ను ఎవరూ రెండు వేళ్లతో పట్టుకోలేదు. రొయ్యల ముళ్లు గీరుకుపోయిన అరచేతులు నా పురుల్లో దిగాయి. నినాదాల్లేవు, ఆయాసమే. బంకు చేరేసరికి చేంతాడంత లైను. పెట్రోలు పోయించుకుని ఫ్యాక్టరీకి వెళ్లేసరికి గేటు మూసేశారు. వాచ్‌మన్ ఊచల్లోంచి చేత్తోనే వెళ్లిపొమ్మన్నాడు.

సాయంత్రం ధనరాజు ఆఫీసుకి వెళ్లాడు. తాళం వేసి ఉంది.

మర్నాడు పొద్దున్న వాళ్లు నూకరాజు వ్యానెక్కుతారనే అనుకున్నాడు. వ్యాను పాటలు పాడుకుంటూ పక్కనుంచే వెళ్లిపోయింది కూడా. కానీ ఎనిమిదిమందీ మా ఆటో దగ్గరికే వచ్చారు. దిగేటప్పుడు మరిడమ్మ అతని చేతిలో పాతిక పెట్టింది. వెనకవాళ్లూ పాతికే పెట్టారు.

"పిన్నీ, నేనడగలేదండీ," అన్నాడు ధనరాజు.

"పెట్రోలుకి కాదురా. కూపను కోసం ఇంకోసారి నువ్వు వాళ్ల వెంట పోకుండా ఉండడానికి. మళ్లీ లాగే ఓపిక మాకు లేదు."

ధనరాజు ఆ పాతికలన్నీ జేబులో వేసుకున్నాడు. తిరిగొస్తూ బంకులో ఆగాడు. ముందు రాత్రే పెట్రోలు మళ్లీ పెరిగిందట.

మరుసటి పొద్దున్న వాళ్లంతా ఎక్కి సర్దుకున్నారు. ధనరాజు అద్దంలోకి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏంట్రా?" అంది మరిడమ్మ.

"ఏం లేదండీ. దుమ్ము," అని ఇంజను వేశాడు.

సీటు కింద పడి ఉన్నాను నేను. తాడుగా పుట్టి ఎన్నో బిగింపులు చూశాను గానీ, ఆ పూట ఆ మనిషి గొంతులో పడిన ముడంత గట్టి ముడిని ఎక్కడా చూడలేదు.