మిణుగురు దేవుడు కక్కించిన లోకాలు

ఆ ఆదివారం చేయాల్సిన పనులు: మైదాపిండి జిగురు కాచి చల్లార్చాలి. నాన్న కుట్టిన పుస్తకాల అంచులు సమంగా కత్తిరించాలి. సాయంత్రంలోగా వాటిని అద్దె లైబ్రరీకి చేర్చాలి. మందుల షాపు బావ నోరు మూయించాలి.

మొదటి మూడూ బైండరు కూతురికి చిటికెలో పని. నాలుగోదే కొరుకుడు పడనిది. మాంగా అనే జపాను బొమ్మల కథల్లో పన్నెండు విశ్వాలున్నాయి, వాటి నిండా దేవుళ్ళున్నారు. వాళ్ళలో ఎవరు గొప్పో తేల్చుకోవడానికి లైబ్రరీ వెనక గదిలో కుర్రకారంతా చేరారు. బావ దేవుడు మింగుడుకన్ను. లోకాల్ని కంటితోనే గుటుక్కున మింగేస్తాడు. ఈమెది మిణుగురు దేవుడు. మనిషి బొటనవేలంత.

"మరదలా, మీవాడు మావాడి కంట్లో నలుసుకు కూడా చాలడు," అన్నాడు బావ.

"మీవాడికి అసలు అరుగుదలే లేదు బావా! పదకొండో సంపుటంలో మావాడు ఆ కంటిలోపల వెలిగేసరికి మింగినవన్నీ కక్కేశాడు. చచ్చిన దేవుళ్ళు లేచి కూర్చున్నారు. అందర్నీ బతికించినవాడి ముందు మింగేవాడెంత?"

గది గొల్లుమంది.

"ఏ లోకంలో చదివావే తల్లీ!" అంటూ బావ తన సొంత ప్రతి తెరిచాడు. అందులో మిణుగురు దేవుడు మొదట్లోనే కంట్లో పడిపోయాడు. ఆ వెనకే లోకాలు, ఒకటొకటిగా. బొమ్మలన్నీ అవే. వరుసే తలకిందులు.

ఆమెకు సంగతి అర్థమైంది. లైబ్రరీ ప్రతి అట్ట ఊడి, విడి కాగితాలై తమ ఇంటికొచ్చింది. ఆ పుస్తకాలు కుడివైపు నుంచి మొదలవుతాయి. అంతా యుద్ధమే కాబట్టి మాటల్లేవు, పేజీల అంకెలూ లేవు. నాన్న వాటిని మన పుస్తకాల్లాగే పేర్చి, కథ ముగిసేచోట ముందు అట్ట అంటించాడు.

గుమ్మంలో లైబ్రరీ అమ్మగారు నిలబడి వింటోంది. "ఇంకొక్క పుస్తకం తేడా వచ్చిందా, బైండింగు పని ఎదురింటి మిషను షాపుకే," అని పోయినవారమే తేల్చి చెప్పిన మనిషి. ఆమె పక్కనే, పుస్తకాల కట్ట పట్టుకుని నాన్న.

"ఓడిపోయాను బావా," అంది కూతురు గబగబా. "సరదాకి నేనే వెనక నుంచి చదివాను."

బావ తెల్లబోయాడు. "నువ్వు ఓడిపోవడమేంటి? జ్వరం గానీ వచ్చిందా?"

నాన్న కట్ట కింద పెట్టి ముందుకొచ్చాడు. "దాని మాట నమ్మకండమ్మగారూ. తిరగేసి కుట్టింది నేనే."

అమ్మగారు ఆ సంపుటం అందుకుని, నిలువుకాళ్ళ మీదే పేజీలు తిప్పింది. పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు అందరూ ఆమె మొహంకేసే చూస్తున్నారు.

"చచ్చినోళ్ళు లేస్తున్నారేంటయ్యా!" అని పకపకా నవ్వింది. "నాకిదే నచ్చింది. కానీ అద్దెకు తీసుకున్నవాళ్ళు నన్ను తిడతారు. సరిగ్గా కుట్టి తీసుకురా."

"మరి... మిషను షాపు?"

"చేసిన తప్పు ఒప్పుకునే మిషను ఇంకా రాలేదుగా! పని నీదే, పో."

ఇంటికెళ్ళి కూతురే దారాలు తెంపింది. కాగితాలు పట్టుకోవడానికి బావ కూడా వచ్చాడు. "న్యాయంగా చూస్తే మింగడం కన్నా కక్కించడమే కష్టం," అని గొణిగాడు.

"గట్టిగా చెప్పు బావా, నాన్నకు వినపడలేదు."

ఇప్పుడా సంపుటం సరిగ్గానే ఉంది. మిణుగురు దేవుడు మొదట్లోనే పోతాడు. అది మీ చేతికొస్తే వాడి మీద జాలిపడి ఊరుకోకండి. ఒకప్పుడు ఆ బొటనవేలంతవాడు అందర్నీ బతికించాడని కాస్త గుర్తుపెట్టుకోండి.