చంపినవాడి భోజనం

కృపాదానం మాస్టారు సగం గడ్డమే గీసుకున్నాడు. రెండో చెంప మీద నురగ ఆరిపోతున్నా చెయ్యి కదలడం లేదు. అవతలి బజారులో కేకలేమైనా వినపడతాయేమోనని చెవులు వీధి వైపు వేశాడు.

"ఎనభై ఒకటి వచ్చినయ్. ఊరి తగాదాలు నీకెందుకయ్యా ఇంకా?" అంది ప్రేమకుమారి, భర్త చేతికి తువ్వాలు అందిస్తూ.

"తగాదా నా నాటకంలో పుట్టింది. నేనే తెంపాల."

నిజమే. నిన్న సాయంత్రం స్టేజీ మీద, రాజును చంపే సీనులో, సేనాపతి వేషం కట్టిన వీరయ్య, రాజు వేషం కట్టిన ధనుంజయరావు తల నిజంగానే పగలగొట్టాడు. చెక్క కత్తే. అయినా కత్తి మనిషికి నాలుగు వేళ్ల దూరంలో ఆగాలన్నది మాస్టారు నేర్పిన మొదటి పాఠం. అది ఆగలేదు. అట్టకిరీటం చీలి నెత్తురు ముక్కు మీదుగా కారుతుంటే, జనం రంగనుకుని ఈలలు వేశారు. ఏడు కుట్లు పడ్డాయి.

గురజాల అవతలి ఆ ఊరికి రెండు పార్టీలు. వీరయ్యది ఒకటి, ధనుంజయరావుది ఇంకోటి. ఇద్దరూ మాస్టారి శిష్యులే. మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి ఒక శాలువా అయినా కప్పించుకోని మనిషి ఆయన. బక్క పలచని ఒళ్లు, వంగిన నడుము. గొంతు మాత్రం ఇప్పటికీ కంచు.

ఉద్యోగంలో చేరిన ఏడాది ఆయన వేయించిన నాటకంలో ఒకడు ఇంకొకణ్ణి కత్తితో చంపే ఘట్టం ఉంది. వారం తిరక్కుండా చంపే వేషం కట్టినవాడు చచ్చే వేషం కట్టినవాణ్ణే మిరపచేలో గొడ్డలితో నరికాడు. మాస్టారు వెళ్లి చూశాడు. తొమ్మిది గాట్లు. మెడ మీది వేటు తాను నేర్పినట్టే ఏటవాలుగా దిగి ఉంది. ఆ పాపం తనదేననుకున్నాడు, ఆ మాట పెళ్లానికి కూడా చెప్పుకోలేదు. అప్పుడే ఒక కట్టుబాటు పెట్టాడు. స్టేజీ మీద చంపినవాడు మర్నాడు మధ్యాహ్నం చచ్చినవాడి ఇంటికి పోయి అన్నం తినాలి. తినకపోతే వాడికి మళ్లీ వేషం లేదు. యాభై ఏళ్లకు పైగా ఊళ్లో ఎవరూ దాన్ని తప్పలేదు.

వీరయ్య వాకిట్లో పదిమంది కూర్చుని ఉన్నారు. గోడకు కర్రలు చేరేసి ఉన్నాయి.

"పదరా," అన్నాడు మాస్టారు.

"ఆ గడప తొక్కితే నన్ను బతకనిస్తారా మాస్టారూ? చంపి పాతరేస్తారు."

"నువ్వు పోకపోతే వాళ్లే ఇక్కడికి వస్తారు. నేను ముందు నడుస్తా. నా ఎనకమాల రా."

వీరయ్య తల వంచుకుని లేచాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ధనుంజయరావు వాకిట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు మాస్టారికి దగ్గు వచ్చింది. ఆ దగ్గు విని తలకు కట్టుతో ధనుంజయరావు బయటికి వచ్చాడు. చేతిలో గొడ్డలి నుంచి ఊడదీసిన కామ కర్ర ఉంది. వెనకనున్న వీరయ్యే తప్ప ముందున్న ముసలాయన వాడి కంటికి ఆనలేదు.

"నా కొంపకే వస్తావంట్రా!"

కామ లేచింది. మాస్టారు పక్కకు జరగలేదు, వీరయ్యకు అడ్డంగా చేతులు చాపాడు. దెబ్బ చెవి పైన పడింది. ఎండు సొరకాయ పగిలినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్ల మీద మిరపకాయల్లో కూలబడ్డాడు. కామ జారి కింద పడింది.

"అయ్యో, మాస్టారూ!" ధనుంజయరావు భార్య కోటేశ్వరమ్మ లబోదిబోమంది. "ఆటో! ఎవరన్నా ఆటో పిలవండయ్యా!"

"ఆటో వచ్చినా ఆగుద్ది," అన్నాడు మాస్టారు, తువ్వాలుతో చెవి అదిమిపెట్టి. "ముందు అన్నం పెట్టమ్మా. నన్నిట్లా మోసుకుపోతే పొద్దుగూకేలోపు నాలుగు శవాలు లేస్తయ్. కూర్చోండ్రా ఇద్దరూ."

ఇంకో ఊళ్లో అయితే మనిషిని ముందు ఆసుపత్రికి ఎత్తుకుపోయేవాళ్లు. ఈ ఊళ్లో మాస్టారి మాట మీద విస్తళ్లు వేశారు. నాపరాళ్ల అరుగు మీద మూడు. ఇద్దరూ నలభై దాటిన మగవాళ్లు, రిహార్సల్‌లో తిట్లు తిన్న పిల్లల్లా ఎదురెదురుగా కూర్చున్నారు. వీరయ్య అన్నం కెలుకుతున్నాడు. కన్నీళ్లు అన్నంలోనే పడుతున్నాయి.

"పొలం గట్టు కాడ మనం అనుకున్న మాటలు మనసులో పెట్టుకుని కొట్టా. తప్పయింది ధనుంజయా."

ధనుంజయరావు చెంబు అందుకుని, వీరయ్య విస్తట్లో తన చేత్తోనే మజ్జిగ పోశాడు.

"తిను. ముందు తిను."

"ఆ, అదీ," అన్నాడు మాస్టారు. రిహార్సల్‌లో సీను కుదిరినప్పుడు ఎట్లా అనేవాడో అట్లాగే. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. అలసిపోయాడనుకుని ఇద్దరూ చప్పుడు చేయకుండా తిన్నారు.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. కోటేశ్వరమ్మ మాస్టారి భుజం తట్టింది. మళ్లీ తట్టింది. అప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ధనుంజయరావు ఎంగిలి చేతులతోనే ఆయన పాదాలు పట్టుకుని గుండెలు పగిలేలా ఏడ్చాడు. వీరయ్య తల వైపు, ధనుంజయరావు కాళ్ల వైపు పట్టుకుని ఆటో ఎక్కించారు.

సాయంత్రం దాకా వాకిట్లోకి ఎవరూ కర్రతో రాలేదు. కోటేశ్వరమ్మ అరుగు మీది రెండు విస్తళ్లు తీసింది. మూడోదాని మీద చెయ్యి వేయలేకపోయింది. గోంగూర కలిపిన ముద్ద ఒకటి, ఐదు వేళ్ల అచ్చులతో, దాని అంచున ఎండిపోతోంది.