కడిగేసిన డబ్బా

నా మరిది త్రిమూర్తులు చావాలని నేను ఏడాది పాటు కోరుకున్నాను. దేవుడి ముందు దీపం పెట్టి మరీ కోరుకున్నాను. ఇందులో దాచేదేమీ లేదు.

మాది ఉప్పాడ. నా భర్త పల్లంరాజు, అతని తమ్ముడు త్రిమూర్తులు ఒకే పడవలో వేటకు వెళ్ళేవారు. అలలు ఎక్కువగా ఉంటే పడవ అంచున నిలబడడం ప్రమాదం. అందుకని మగవాళ్ళు కోసిన నూనె డబ్బాలో మూత్రం పోసి సముద్రంలో పారబోస్తారు. ఒడ్డున ఉన్నప్పుడు ఇసుకలోకే వెళ్ళాలి, మా వరస ఇళ్ళ మరుగుదొడ్లను సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది. కట్టుకున్నదాన్నైనా నా కంట ఏమీ పడలేదు. చూసినవాడు త్రిమూర్తులు ఒక్కడే.

వేసవి వేట నిషేధం ఎత్తేసిన నెలలో నా భర్త మూత్రం డబ్బాలో ఎర్రగా కనబడిందట. నొప్పి లేదు, మంట లేదు. "వేడి చేసిందన్నయ్యా, మజ్జిగ తాగు. వదినకి చెప్పకు, ఆసుపత్రి అంటూ గోల చేస్తాది. సీజను పోద్ది," అని తమ్ముడు ఆ డబ్బాను కడిగేశాడట. చేపల జాడ తెలిసేది పల్లంరాజుకే మరి! అతను దిగిపోతే పడవ ఖాళీగా తిరిగొస్తుంది. రెండు రోజుల్లో ఎరుపు దానంతటదే పోయింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఇదంతా నాకు కాకినాడ ఆసుపత్రిలో తెలిసింది. రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోతే తీసుకెళ్ళాం. కెమెరా గొట్టంతో లోపల చూసిన డాక్టరు మధులత గారు మూత్రాశయంలో క్యాన్సరన్నారు. గోడ దాటిపోయిందన్నారు. "మొదటిసారి ఎర్రగా ఎప్పుడు కనబడింది?" అని అడిగారు. నా భర్త తమ్ముడి వైపు చూశాడు. చివరికి పల్లంరాజే నోరు విప్పి అంతా చెప్పాడు.

"నొప్పి లేకుండా రావడం, వచ్చి తగ్గిపోవడం, అదేనమ్మా దీని మోసం. ఒక్కసారి కనబడినా చూపించుకోవాలి. చుట్టా, బీడీ కాల్చేవాళ్ళయితే మరీను," అన్నారు డాక్టరు గారు. అన్నదమ్ములిద్దరూ బీడీలు కాల్చేవాళ్ళే.

రెండు నెలలకి పల్లంరాజు పోయాడు. పెద్దకర్మ నాడు త్రిమూర్తులు అందరికంటే గట్టిగా ఏడ్చాడు. అన్నంటే ఎంత ప్రాణమో అని ఊరంతా మెచ్చుకుంది. నా ఒళ్ళు మండిపోయింది.

ఏడాది తిరిగాక ఒక రోజు త్రిమూర్తులు పెళ్ళాం రాణి బార్లీ గింజలు అడగడానికి వచ్చింది.

"మా ఆయనకి వేడి చేసిందక్కా. లుంగీ మీద ఎర్రటి మరక కనబడింది."

"నొప్పుందా?"

"లేదంట. రెండు రోజులకి తగ్గిపోయింది కూడా."

నిజం చెబుతున్నాను, నా కడుపు చల్లబడింది. రెండు గుప్పెళ్ళ బార్లీ పొట్లం కట్టి నా చేత్తోనే ఇచ్చాను. బాగా కాచి ఇవ్వమని కూడా చెప్పాను. ఆ వారం రోజులూ హాయిగా తిన్నాను, హాయిగా తిరిగాను. అప్పుడు వాడు నోరు మూసుకున్నాడు, ఇప్పుడు నేను మూసుకుంటాను. చెల్లుకు చెల్లు.

ఎనిమిదో రోజున ఒక ఆలోచన నన్ను కొరుక్కు తినడం మొదలుపెట్టింది. వీడు చస్తే ఏమవుతుంది? ఫొటోకి దండ వేసి మా ఆయన పక్కన పెడతారు. రామలక్ష్మణులంటారు. వాడు చేసిన పని వాడితోనే కాలిపోతుంది. అంత తేలిగ్గా వదిలిపెడతానా? వాడు బతకాలి. చేసింది ఊరందరికీ తెలిసి, ఆ ఊళ్ళోనే బతకాలి.

మర్నాడు పొద్దున్నే, చేపల వేలంపాట జరిగే వేళకి ఒడ్డుకి వెళ్ళాను. ఊరి మగాళ్ళంతా అక్కడే ఉన్నారు. నిండా మునిగినవాళ్ళకి చలేమిటి?

"త్రిమూర్తులూ! నీకు మూత్రంలో రక్తం పడిందా, లేదా?"

వేలం పాడేవాడి గొంతు ఆగిపోయింది. త్రిమూర్తులు మొహం మాడిపోయింది.

"వదినా! ఆడమనిషివి, నలుగురిలో ఏంటా మాటలు?"

"నీ అన్నకి పడినప్పుడు నువ్వు చూసి డబ్బా కడిగేశావు. సీజను పోద్దని నా దగ్గర దాచావు. ఇప్పుడు నీది నాకు తెలిసింది. నేను కడగను! నడు, ఆసుపత్రికి!"

ఎవరూ నవ్వలేదు. పక్క పడవ చంద్రరావు ముందుకొచ్చి, "నిజమేంట్రా?" అని అడిగాడు. వాడు ఇసుకలోకి చూస్తూ నిలబడ్డాడు. రాణి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. మొగుడిది కాదు, నాది.

కాకినాడలో చూపిస్తే, త్రిమూర్తులుది చిన్న కణితి. ఇంకా పైపొరలోనే ఉంది. గొట్టంలోంచే గీకి తీసేశారు. మళ్ళీ రాకుండా మూడు నెలలకొకసారి కెమెరాతో చూడాలన్నారు.

"మంచి సమయానికి తీసుకొచ్చారమ్మా," అన్నారు మధులత గారు.

"నా మొగుణ్ణి కూడా ఆ మొదటి నెలలోనే తెచ్చుంటే బతికేవాడా అండీ?" అడిగింది ఆవిడనే, చూసింది మాత్రం వాణ్ణి.

"అవకాశం చాలా ఉండేదమ్మా," అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయారు.

త్రిమూర్తులు మంచం మీంచి నా కాళ్ళ మీదికి వంగాడు. వెక్కుతూ, "నన్ను క్షమించు వదినా," అన్నాడు.

"క్షమించను. మూడు నెలలకి మళ్ళీ నేనే తీసుకొస్తాను, రెడీగా ఉండు," అన్నాను.